ఆపమని ఎవరు చెప్పాలి?

(కర్నూలులో మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కుల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఆరోగ్య హక్కు అనగానే మనకు ముందుగా గుర్తుకొచ్చేవి డాక్టరు రాని పి.హెచ్.సి., మంచాలు చాలని వార్డు, బిడ్డను చూపించడానికి డబ్బులడిగే సిబ్బంది. వాటి మీద మనం చాలా కొట్లాడాం. ఇంకా కొట్లాడాల్సే ఉంది. ఈ రోజు మాత్రం నేను వాటి జోలికి పోవడం లేదు. వైద్యం బాగానే జరిగి, జబ్బు తగ్గి, మనిషి ఇంటికి బయల్దేరే ఆ చివరి అరగంట గురించి మాట్లాడతాను. ఆ అరగంటలో ఏం చెబుతారు, ఎవరికి చెబుతారు, ఏం చెప్పకుండా వదిలేస్తారు అన్నదే నా విషయం.

మా ఇంట్లో జరిగిందే ముందు చెబుతాను. ఆసుపత్రి పేరు చెప్పను. ఇది ఒక ఆసుపత్రి కథ కాదు.

మా అత్తకు పన్నెండేళ్లుగా షుగరు ఉంది. ఆమె ఆదోని దగ్గర పల్లెలో మా మరిది, తోడికోడలు దగ్గర ఉంటుంది. కాలికి పుండు ముదిరితే ఆసుపత్రిలో చేర్పించాం. పన్నెండు రోజులు ఉంది. కాలు తీసేయాల్సి వస్తుందేమో అనుకున్నాం కానీ కాలు దక్కింది. మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నాయని, ఇక మీదట ఇన్సులిన్ సూది వేసుకోవాలని డాక్టర్లు చెప్పారు. మాకంతా సంతోషమే.

డిశ్చార్జి రోజు మా ఆయన కౌంటరు దగ్గర సంతకాలు పెడుతున్నాడు. మరిది ఆటో కోసం పోయినాడు. తోడికోడలు దుప్పట్లు మడిచి, ఫ్లాస్కు, గిన్నెలు సంచిలో సర్దుతోంది. సిస్టరు వచ్చి కాగితం మా ఆయన చేతికిచ్చి, సూది పొద్దున ఎన్ని యూనిట్లు, రాత్రి ఎన్ని యూనిట్లు అని రెండు నిమిషాలు చెప్పింది. ఆయన తల ఊపినాడు. కాగితం నేనూ చూశాను. ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు వచ్చు. పైపైన చదివి, మడిచి కవర్లో పెట్టాను. ఊళ్లూళ్లూ తిరిగి హక్కుల గురించి చెప్పే నేను ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. అత్త ఒళ్లంతా చెమటలు, పిలిస్తే పలకడం లేదు. 108 వచ్చింది. వాళ్లు గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచింది. మధ్యాహ్నానికి మళ్లీ పడిపోయింది. రెండు రోజులు సెలైను తీయకుండా పెట్టి చూడాల్సి వచ్చింది. అక్కడి డాక్టరు, "ఇంట్లో ఏమేం ఇస్తున్నారు?" అని అడిగితే తోడికోడలు మందుల కవరు తెచ్చి మంచం మీద కుమ్మరించింది. ఆసుపత్రి ఇచ్చిన కొత్త మందులు ఉన్నాయి. ఏండ్ల తరబడి వాడుతున్న పాత షుగరు మాత్రలూ ఉన్నాయి. సూదీ వేస్తోంది, మాత్రలూ ఇస్తోంది. మూత్రపిండాలు మందగించిన మనిషిలో ఆ మాత్రల మందు తొందరగా బయటికి పోదు. అందుకే షుగరు పడిపోయింది, లేచినా మళ్లీ పడిపోయింది.

అప్పుడు డిశ్చార్జి కాగితం తీసి మళ్లీ చదివాను. ఒక మూల "ఓ.హెచ్.ఏ. స్టాప్డ్" అని ఉంది. అంటే నోటితో వేసుకునే షుగరు మాత్రలు ఆపేశాము అని అర్థమట. మందుల షాపులో పనిచేసే ఫార్మసిస్టు చెబితే తెలిసింది. నేను డిగ్రీ చదివాను. ఆ మూడక్షరాలు నాకూ అర్థం కాలేదు. ఐదో తరగతితో చదువాపేసిన మా తోడికోడలికి ఎట్లా అర్థమవుతుంది? అసలు ఆ కాగితం ఆమె చేతికే రాలేదు.

తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. అత్త బతికింది. కానీ ఇంట్లో, వీధిలో మాట ఒకటే. "కోడలు తప్పు మందు పెట్టింది." మా మరిది నలుగురిలో ఆమెను అరిచినాడు. ఆమె నా దగ్గరికొచ్చి, "అక్కా, ఈ బిళ్లలు ఆరేండ్ల నుంచి నేనే ఇస్తాండా గదా. కొత్తవి ఇయ్యమన్నారు, ఇచ్చినా. పాతవి వద్దని నాకు ఎవురు జెప్పినారు?" అని ఏడ్చింది.

ఆ ప్రశ్నే ఈ రోజు నా ప్రసంగం. ఆపమని ఎవరు చెప్పాలి? ఎవరికి చెప్పాలి?

మనిషి ఆసుపత్రిలో చేరేటప్పుడు ఇంట్లో కొన్ని మందులు ఉంటాయి. బయటికి వచ్చేటప్పుడు చేతికి కొన్ని మందులు వస్తాయి. ఈ రెండింటికీ లెక్క కుదరాలి. ప్రతి మందు నాలుగింటిలో ఏదో ఒకటి అయి ఉండాలి. కొత్తగా మొదలుపెట్టింది, పాతది అట్లాగే వాడాల్సింది, పాతదే కానీ మోతాదు మారింది, పూర్తిగా ఆపింది. మనకు చెప్పేది మొదటి దాని గురించే. మిగతా మూడూ మన ఊహకే వదిలేస్తారు. ఊహలు రెండు రకాలుగా పోతాయి. కొందరు మా తోడికోడలి మాదిరి పాతవీ కొత్తవీ కలిపి ఇస్తారు. కొందరు "పెద్దాసుపత్రిలో రాసిచ్చినారు, ఇంక ఇవే" అని పాత బీపీ మాత్రలు, ఫిట్సు మాత్రలు చెత్తలో పారేస్తారు. ఫిట్సు మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్సు తిరగబెడతాయి. చాలాకాలం వాడిన స్టెరాయిడ్ మాత్రలు కూడా మెల్లగా తగ్గించుకుంటూ రావాలే తప్ప ఒక్కరోజులో ఆపకూడదు. కాబట్టి "ఆపండి" అని చెప్పడం ఎంత అవసరమో "ఆపొద్దు" అని చెప్పడమూ అంతే అవసరం.

పేర్ల గొడవ ఇంకొకటి. ఒకే మందు పది కంపెనీల పేర్లతో వస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే స్ట్రిప్పు మీద మందు అసలు పేరుంటుంది. ఇంట్లో ఉన్న స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. రంగు వేరు, సైజు వేరు. రెండూ ఒకటే మందని ఎవరికి తెలుస్తుంది? రెండూ మింగుతారు. ఇంకో గొడవ, ఆసుపత్రిలో ఇచ్చిన మందులు కొన్నాళ్లకు అయిపోతాయి. "కోర్సు అయిపోయింది" అనుకుంటారు. బీపీకి, షుగరుకు కోర్సు అనేది ఉండదని చెప్పేవాళ్లు లేరు. కాగితం మీద 1-0-1 అని రాస్తారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని దానర్థం. ఒక అవ్వ నాకు ఆ చీటీ చూపించి "నూటొక్క బిళ్లలు మింగాల్నా తల్లీ?" అని అడిగింది. అందరం నవ్వినాం. కానీ ఆమె అడిగింది కాబట్టి సరిపోయింది. అడగనివాళ్ల సంగతేమిటి?

ఇది మన జిల్లాల్లో ఎందుకు ఇంత ముఖ్యమో చెబుతాను. కర్నూలు వైద్య కళాశాల 1957లో వచ్చింది. కడపలో రిమ్స్ 2006లో గానీ రాలేదు. అంతవరకూ కడప జిల్లా జనానికి పెద్ద వైద్యం అంటే కర్నూలు, తిరుపతి, లేదంటే వేలూరు. ఇప్పటికీ కోసిగి, కౌతాళం, హొళగుంద నుంచి కర్నూలు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు ఎదురు. మందు గురించి అనుమానం వస్తే మళ్లీ పోయి అడిగే పరిస్థితి లేదు. ఊళ్లో ఆర్.ఎం.పి.ని అడుగుతారు. ఆసుపత్రిలో ఏం మార్చారో ఆయనకూ తెలియదు.

2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి కర్నూలు జిల్లాలో ఆడవాళ్లలో సగం మందికి చదువు రాదు. కడప జిల్లాలో నూటికి నలభై మందికి పైగా రాదు. తర్వాత కొంత మెరుగుపడి ఉండవచ్చు. కానీ బీపీ, షుగరు ఎక్కువగా ఉండే వయసు ఆడవాళ్లు బడికి పోని తరం వాళ్లే. వాళ్ల చేతిలో ఇంగ్లీషు కాగితం పెట్టి పంపుతున్నాం.

ఇక ఆడవాళ్లకే ప్రత్యేకంగా ఉన్న ఇబ్బందులు చూద్దాం.

మొదటిది, మన ఇళ్లల్లో మందులిచ్చేది ఎవరు? భార్య, కోడలు, కూతురు. ఆసుపత్రిలో చెప్పేది ఎవరికి? సంతకం పెట్టిన మగాయనకు. ఆయన ఇంటికొచ్చి సగం చెబుతాడు, సగం మరిచిపోతాడు. తప్పు జరిగితే నింద మాత్రం మందిచ్చిన చేతిదే.

రెండోది, ఆడమనిషే రోగి అయితే ఆమెకు రెండిళ్లు. కాన్పుకు పుట్టింటికి పోతుంది. కాన్పయ్యాక కొన్నాళ్లు అక్కడే ఉంటుంది. కాగితాలు ఒక ఇంట్లో, మనిషి ఒక ఇంట్లో. గర్భంలో బీపీ వచ్చిన వాళ్ల సంగతి చూడండి. కొన్ని బీపీ మాత్రలు గర్భిణులకు పనికిరావు కాబట్టి మారుస్తారు. కాన్పయ్యాక ఏవి వాడాలి? పాతవి మళ్లీ మొదలుపెట్టాలా? బిడ్డకు పాలిస్తూ వేసుకోవచ్చా? "కాన్పయిపోయింది, ఇంక బీపీ ఎందుకుంటుంది" అని చాలామంది మాత్రలు మానేస్తారు. నిజానికి కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ ఎక్కువగా పెరిగే ప్రమాదం ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటికి పంపుతారు. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఆమెను ఇంటి దాకా దించుతుంది. మందుల సంగతి కూడా ఇంటి దాకా చేరాలి కదా.

మూడోది, సుగ్గి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. అక్కడ గుడిసెల్లో ఉన్నప్పుడు జబ్బు చేస్తే అక్కడి ఆసుపత్రి. తిరిగొచ్చాక ఇక్కడి ఆసుపత్రి. ఇక్కడ రాసింది అక్కడ తెలియదు, అక్కడ మార్చింది ఇక్కడ తెలియదు. మనిషితో పాటు తిరిగేది ఆమె కొంగున కట్టుకున్న చీటీ ఒక్కటే.

నాలుగోది, తిండి వేళ. "తిన్న తర్వాత వేసుకో", "సూది వేసుకున్నాక అరగంటలో తిను" అని చెబుతారు. ఇంట్లో అందరికీ పెట్టి, గిన్నెలు కడిగి, ఆఖరున సంగటి ముద్ద తినే మనిషికి ఆ అరగంట ఎప్పుడొస్తుంది? సూది వేసుకుని పొయ్యి ముందు కూర్చుంటుంది. కళ్లు తిరుగుతాయి. ఆమె ఎప్పుడు తింటుందో అడగకుండా మందు వేళ చెప్పడం సగం చెప్పడమే.

ఐదోది, చెప్పడానికి సిగ్గుపడి వదిలేసే సంగతులు. టి.బి.కి వాడే రిఫాంపిసిన్ మందు వేసుకునే కాలంలో గర్భం రాకుండా వేసుకునే మాత్రలు సరిగా పనిచేయవు. ఫిట్సుకు వాడే కొన్ని మందులతోనూ అంతే. ఫిట్సుకే ఇచ్చే వాల్‌ప్రొయేట్ అనే మందు గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది. 2018లో బ్రిటన్‌లో ఈ మందు వాడే స్త్రీలకు ఈ సంగతి తప్పనిసరిగా వివరించి, హెచ్చరిక కార్డు ఇవ్వాలని కట్టడి చేశారు. అట్లాగని ఎవరూ తమంతట తాము ఆపకూడదు, డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. కానీ పెళ్లీడు పిల్లకు ఈ మందు రాసి పంపేటప్పుడు ఆ ఒక్క మాట చెప్పకపోతే ఎట్లా? ఆ పిల్ల పక్కన తండ్రి నిలబడి ఉంటే ఎవరు చెబుతారు, ఎవరు అడుగుతారు?

ఇదంతా మన వెనకబాటుతనం వల్ల వచ్చిందని అనుకోవద్దు. ప్రపంచమంతా ఉన్న సమస్యే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించడానికి ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మూడు చోట్ల ఎక్కువ జాగ్రత్త కావాలంది. ప్రమాదకరమైన మందులు వాడే సందర్భాలు, ఒకే మనిషి ఎక్కువ మందులు వాడడం, ఒక చోటి నుంచి ఇంకో చోటికి రోగి మారడం. మా అత్త విషయంలో ఈ మూడూ ఒకేసారి కలిశాయి.

సరే, చట్టం ఏమంటోంది? ఇది మనం బాగా గుర్తుపెట్టుకోవాలి.

డాక్టర్లకు 2002 నాటి నైతిక నియమావళి ఉంది. 2023 ఆగస్టులో కొత్తది ప్రకటించి అదే నెలలో నిలిపేశారు కాబట్టి 2002దే లెక్క. దాని ప్రకారం రోగి గానీ, రోగి తరఫు వాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. మందు అసలు పేరును అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లో సవరణ చేశారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. జబ్బు గురించి, వైద్యం గురించి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని, డిశ్చార్జి వివరాల కాగితం ఇవ్వాలని అందులో ఉంది. మందులిచ్చే ఫార్మసిస్టు వాటిని ఎట్లా వాడాలో రోగికి వివరించాలని 2015 నాటి ఫార్మసీ నిబంధనలు చెబుతున్నాయి. చీటీ చదవగలిగేలా ఉండడం జీవించే హక్కులో భాగమని పంజాబ్, హర్యానా హైకోర్టు 2025లో చెప్పింది. మన రాష్ట్రంలో తెలుగు అధికార భాష అని 1966లోనే చట్టం చేసుకున్నాం. భూమి కాగితానికి తెలుగు కావాలని అడిగే మనం ప్రాణం కాగితానికి ఎందుకు అడగం?

డబ్బు తీసుకుని వైద్యం చేసే ఆసుపత్రి అయితే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. వైద్య సేవ ఆ చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రికి అది వర్తించదు. ప్రభుత్వాసుపత్రిలో కాగితాలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

ఇక్కడ ఒక మాట. సిస్టర్లను, హౌస్ సర్జన్లను శత్రువులుగా చూడొద్దు. ఒక్క సిస్టరు ఎంతమంది రోగులను చూస్తోందో మనకు తెలుసు. ఆమె కూడా మన మాదిరి ఇంట్లో వంట చేసి డ్యూటీకి వచ్చిన మనిషే. కొత్త రోగి మంచం కోసం గుమ్మంలో నిలబడి ఉంటే పాత రోగికి పది నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? చెప్పే పని ఎవరిదో ఖాయం చేసి, దానికి మనుషులను పెట్టమని మనం ప్రభుత్వాన్ని అడగాలి. ఆమె మీద అరిస్తే మనిషి పెరగదు, మాట కూడా పెరగదు.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఆసుపత్రికి పోయేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆర్.ఎం.పి. ఇచ్చినవి, నాటు మందులు, నొప్పుల బిళ్లలతో సహా ఒక సంచిలో వేసుకుపోవాలి. బయటికొచ్చే రోజు అదే సంచి సిస్టరు ముందో, ఫార్మసిస్టు ముందో విప్పాలి. ఐదు ప్రశ్నలు అడగాలి. ఇందులో కొత్తవి ఏవి? పాతవాటిలో ఏవి వాడాలి? దేని మోతాదు మారింది? ఏవి ఆపాలి, ఎందుకు? ఇవి అయిపోతే ఎక్కడ తీసుకోవాలి, ఎప్పుడు మళ్లీ రావాలి? ఆపిన మందులను అక్కడికక్కడే వేరే కవర్లో వేసి ముడేయాలి. మందిచ్చే మనిషి ఆ టైముకు అక్కడ ఉండాలి. దుప్పట్లు మగాళ్లు మడవనీ. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. "అమ్మా, నేను చెప్తా, తప్పైతే దిద్దండి" అనాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఊరికి రాగానే ఆ కాగితం ఆశ కార్యకర్తకో, ఏ.ఎన్.ఎం.కో చూపించాలి. మన సంఘాల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఆసుపత్రి నుంచి వచ్చారని తెలిస్తే మొదటి మూడు రోజుల్లో పోయి మందుల కవరు చూడాలి. మనం మందులు మార్చకూడదు, ఆపకూడదు. అనుమానం వస్తే ఫోన్ చేసి అడిగించాలి. షుగరు మందు వాడేవాళ్లకు చెమటలు, వణుకు, మాట తడబాటు వస్తే వెంటనే చక్కెర తినిపించాలని, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలని ప్రతి ఇంటికీ చెప్పాలి.

ఇక అడగాల్సింది. గర్భిణులకు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు తెలుగులో ఉంది, బొమ్మలతో ఉంది, ఆమె దగ్గరే ఉంటుంది. అట్లాంటి కార్డు ఒకటి డిశ్చార్జి అయ్యే ప్రతి మనిషికీ కావాలి. తెలుగులో, నాలుగు గళ్లతో. కొత్తవి, పాతవే, మారినవి, ఆపినవి. ఆపినవాటి గడి ఖాళీగా ఉన్నా "ఏమీ లేవు" అని రాయాలి. ఆలూరు, ఆదోని వైపు కన్నడం మాట్లాడేవాళ్లకు, కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ చదివేవాళ్లకు వాళ్ల భాషలో చెప్పే ఏర్పాటు ఉండాలి. రెండు జిల్లాల్లో ఆసుపత్రి అభివృద్ధి సంఘాలకు, జిల్లా కలెక్టర్లకు మనం ఇదే విజ్ఞాపన ఇద్దాం. దీనికి కోట్ల రూపాయలు అక్కర్లేదు. ఒక అచ్చు కాగితం, పది నిమిషాల టైము, చెప్పడానికి ఒక మనిషి.

మా అత్త ఇప్పుడు బాగానే ఉంది. సూది మా తోడికోడలే వేస్తుంది. కిందటి సారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు మా ఆయన కౌంటరు దగ్గరికి పోబోతుంటే ఆమె, "బావా, ఆ కాగితం నాకియ్యి, నేను అడుగుతా" అని చేయి చాపింది. లోపల పావుగంట ఉండి వచ్చింది. ఆమె మీద పడిన నింద మాత్రం ఇంట్లో ఇంకా ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నేను మా మరిదికి నాలుగుసార్లు చెప్పాను, తప్పు ఆమెది కాదని. ఈ రోజు మీ అందరి ముందు ఐదోసారి చెబుతున్నాను.

సెలవు.